సభలో లేచి నిలుచువాని భయము

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 17:16–34, 1 కొరింథీయులకు 2:1–5



మన సంఘములలో ఒక వింత కలదు. నాటు వేయునప్పుడు పొలములో పాట ఎత్తుకొని పదిమందిచేత పాడించు సహోదరి, ఆదివారమున "అమ్మా, నేడు ముగింపు ప్రార్థన నీవు చేయుము" అనగానే కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "నాతోని గాదయ్యగారూ, ఇంకెవరికన్న చెప్పుండ్రి" అనును. కేసముద్రం మార్కెట్ యార్డులో తన మక్కల తూకము దగ్గర గట్టిగా వాదించి, కిలో తరుగునకైనను ఒప్పుకొనని సహోదరుడు, గ్రామసభలో తన వాడ నీళ్ల సంగతి అడుగవలసి వచ్చినప్పుడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండును. వీరికి నోరు లేదా? ఉన్నది. మాటలు లేవా? కావలసినన్ని ఉన్నవి. అయితే నలుగురు తమవైపు తిరిగి చూచిన ఆ క్షణముననే గొంతు తడి ఆరిపోవును, కాళ్లు వణకును, నాలుక అంగిటికి అంటుకొనును.

ఇది చిన్న సంగతి అని మీరు ఎంచవద్దు. ఈ భయమువలన సాక్ష్యము చెప్పవలసినవాడు చెప్పక ఇంటికి పోవుచున్నాడు. సమాధుల తోటకు త్రోవ కావలెనని అడుగవలసినవారు అడుగక ఊరకుండగా, ఏండ్ల తరబడి శవమును గట్ల మీదుగా మోసికొని పోవుచుందురు. సంఘములో ఎల్లప్పుడు ఆ ఇద్దరు ముగ్గురే మాటలాడుదురు; ఎల్లప్పుడు మాటలాడువారు కొన్నాళ్లకు సంఘము తమదే అని తలంచుటయు కలదు. (ఎవరిని గూర్చి వ్రాసితినో అని వెదకవద్దు. ప్రతి సంఘములోను ఉన్నారు.)

కొంతకాలము క్రిందట ఒక యౌవనస్థుడు నన్ను ఇట్లు అడిగెను: "అయ్యగారూ, స్తోయికులు అనువారు ఎవరు? వారి బోధ నేర్చుకొన్నచో సభలో మాటలాడు భయము పోవునని ఫోనులో వింటిని. క్రైస్తవుడు దానిని చదువవచ్చునా?" మంచి ప్రశ్నయే. చాలమందికి ఇది అక్కరలోనిదే గనుక ఈ నెల దీనిని గూర్చి ధ్యానింతము.

మొదట తెలిసికొనవలసినది ఏమనగా, ఈ స్తోయికుల పేరు మన బైబిలులోనే ఉన్నది. అపొస్తలుల కార్యములు 17:18 తీసి చూడుడి. పౌలు ఏథెన్సు సంతవీధిలో ప్రతిదినము మాటలాడుచుండగా ఎపికూరీయులలో కొందరు, స్తోయికులలో కొందరు అతనితో వాదమునకు దిగిరి. వారిలో కొందరు అతనికి ఒక పేరు పెట్టిరి. మన బైబిలులో అది వదరుబోతు అని ఉన్నది. గ్రీకు భాషలో ఆ మాటకు గింజలేరుకొను పిట్ట అని అర్థము. కళ్లము ఊడ్చిన తరువాత పిచ్చుకలు వచ్చి అక్కడొక గింజ, ఇక్కడొక గింజ ఏరుకొనును గదా, అట్లు ఇతరులు చెప్పిన మాటలు ఏరుకొని వచ్చి పలుకువాడు అని వారి ఎగతాళి. సభలో మాటలాడుటకు భయపడువారమైన మనము దేనికి ఎక్కువగా భయపడుదుము? నవ్వుదురేమో అనియే గదా! పౌలు అరేయొపగు సభలో నోరు తెరువకముందే వారు నవ్వి ఉండిరి. అయినను అతడు వారి మధ్య నిలిచెను. నిలిచి వారిని తిట్టలేదు. వారి బలిపీఠము మీది వ్రాతను ఆధారముగా తీసికొని, వారి కవుల మాటనే ఎత్తి చెప్పెను. మనము ఆయన సంతానము అను ఆ మాట ఆరాటు అను కవి గ్రంథములో ఉన్నది. ఆ ఆరాటు స్తోయికుల బోధ నేర్చినవాడు, పౌలు పుట్టిన కిలికియ దేశస్థుడే. ఇట్టి మాటయే స్తోయికుల గురువైన క్లెయాంతు వ్రాసిన స్తుతిలోను కలదు. కాబట్టి అన్యుల పుస్తకమును మంచి మాట కొరకు చదువుట తప్పు కాదని పౌలే మనకు చూపియున్నాడు. గింజ ఏరుకొనుట తప్పు కాదు, పొట్టును మింగుట తప్పు.

ఈ స్తోయికులు ఎవరు? క్రీస్తు పుట్టుకకు సుమారు 300 సంవత్సరముల ముందు కుప్ర ద్వీపమునుండి వచ్చిన జెనో అను వర్తకుడు ఏథెన్సులో స్తంభములుగల ఒక మండపములో బోధించుచుండెను. మన ఊరి చావడివంటి చోటు అనుకొనుడి. ఆ మండపమును గ్రీకులు స్తోవా అందురు. దానినిబట్టి ఆ బోధ వినువారికి స్తోయికులు అను పేరు వచ్చెను. జెనో తరువాత గురువైన క్లెయాంతు బీదవాడు. రాత్రులు తోటలకు నీళ్లు తోడి కూలి సంపాదించి, పగలు పాఠము వినెడివాడు. బుద్ధి మందము గలవాడని తోడివారు అతనిని గాడిద అని పిలిచినను ఓర్చుకొనెను. నీళ్లు మోసిన చేతులకు జ్ఞానము అందదు అనుకొనువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

అయితే మన అంశమునకు మిక్కిలి పనికివచ్చువాడు ఎపిక్తేతు. ఇతడు క్రీ. శ. 50 ప్రాంతమున హియెరాపొలి పట్టణములో పుట్టెను. ఆ పేరు ఎక్కడనో వినినట్లున్నదా? కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 13వ వచనములో ఉన్నది. ఎపఫ్రా అను సేవకుడు హియెరాపొలివారి కొరకు మిగుల ప్రయాసపడుచున్నాడని పౌలు అక్కడ సాక్ష్యమిచ్చుచున్నాడు. ఎపఫ్రా ప్రయాసపడిన ఆ ఊరిలోనే, ఇంచుమించు ఆ దినములలోనే, ఈ బిడ్డ పుట్టెను. పుట్టుట దాసుడుగా పుట్టెను. ఎపిక్తేతు అనగా సంపాదింపబడినవాడు, కొనబడినవాడు అని అర్థము. పశువునకు పెట్టినట్లు పెట్టిన పేరు! ఒక కాలు కుంటిది. రోమా పట్టణములో దాసుడుగా ఉండి, తరువాత విడుదల పొంది, బోధకుడై, దొమితియాను చక్రవర్తి జ్ఞానులను వెళ్లగొట్టినప్పుడు నికొపొలికి పోయి అక్కడ పాఠశాల పెట్టెను. పౌలు తీతుకు వ్రాయుచు శీతకాలము గడుపవలెనని నిర్ణయించుకొన్న నికొపొలి ఇదియే అని పండితులు చాలమంది తలంచుచున్నారు. ఎపిక్తేతు స్వయముగా ఏమియు వ్రాయలేదు. అతని శిష్యుడైన అర్రియాను విని వ్రాసిపెట్టినదే మనకు మిగిలినది.

ఇతడు కలవరమును గూర్చి ఒకనాడు శిష్యులకు ఒక ఉపమానము చెప్పెను. దానిని నా మాటలలో చెప్పెదను. ఒకడు వీణ వాయించి పాడువాడు. ఇంటిలో ఒంటరిగా పాడునప్పుడు వానికి ఏ భయమును లేదు. అతడే నాటకశాలలో జనము ఎదుటికి వచ్చినప్పుడు, గొంతు బాగున్నను, వేళ్లు బాగుగా ఆడుచున్నను, వణకును. ఎందుచేత? పాట మరచిపోయెనా? లేదు. ఇంటిలో అతడు బాగుగా పాడవలెనని మాత్రమే కోరెను. నాటకశాలలో బాగుగా పాడవలెనని మాత్రమే కాక, జనము తనను మెచ్చుకొనవలెనని కూడ కోరుచున్నాడు. పాడుట అతని చేతిలో ఉన్నది. మెచ్చుకొనుట జనము చేతిలో ఉన్నది. తన చేతిలో లేనిదానిని పట్టుకొనబోవుచున్నాడు గనుక చేతులు వణకుచున్నవి.

ఇంత సూటిగా ఈ వ్యాధిని పట్టి చూపినవారు అరుదు. పొలములో పాడు మన సహోదరికి సంభవించినది ఇదియే. పొలములో ఆమె మనస్సు నాటుమీద ఉన్నది. మందిరములో ఆమె మనస్సు తనను చూచువారి కన్నులమీద ఉన్నది.

మన సువార్తికుడైన యోహాను ఈ వ్యాధినే మరియొక పేరు పెట్టి వ్రాసెను. 12వ అధ్యాయము 42, 43 వచనములు చదువుడి. అధికారులలో అనేకులు యేసునందు విశ్వాసముంచిరి, గాని బయటికి ఒప్పుకొనలేదు. సమాజమందిరమునుండి వెలివేయుదురేమో అని భయము. ఆ భయము క్రింద ఏమున్నదో యోహాను త్రవ్వి చూపించుచున్నాడు: మనుష్యుల మెప్పు వారికి దేవుని మెప్పుకంటె ప్రియమైనది. సభాభయము పిరికితనము మాత్రమే అని మనము అనుకొందుము. చాలసార్లు అది మెప్పుమీది ఆశయే. సిగ్గు అను ముసుగు వేసికొనుటచేత మనము దానిని వినయము అని పొరబడుచున్నాము. "నాకు రాదు, నేను అల్పుడను" అనువాడు లోపల, "గొప్పగా వచ్చిననే మాటలాడుదును, లేనియెడల నోరు తెరువను" అనుచుండవచ్చును.

ఇక వణకు మాట. దీనినిగూర్చి చాలమంది సహోదరులు అనవసరముగా కలత చెందుచున్నారు. "నాకు విశ్వాసముంటే కాళ్లు ఎందుకు వణకును?" అందురు. సెనెకా అను మరియొక స్తోయికుడు తన స్నేహితునికి వ్రాసిన యొక ఉత్తరములో ఈ సంగతినే ఎత్తెను. స్థిరబుద్ధి గలవారికి కూడ జనము ఎదుట చెమట పోయును, మోకాళ్లు వణకును, నాలుక తడబడును. ఇది శరీర స్వభావము, ఏ జ్ఞానమును దీనిని పూర్తిగా తీసివేయలేదు అని అతడు ఒప్పుకొనెను. సైన్యములను నడిపిన పొంపే అను సేనాధిపతికి కూడ సభలో ముఖము ఎర్రబడెడిదని అతడే వ్రాసెను.

ఇట్టిదే మరియొక సంగతి ఔలు గెల్లి అను రోమీయుడు వ్రాసెను. సముద్రములో గాలివాన లేచినప్పుడు ఓడలో ఉన్న ఒక స్తోయికుని ముఖము కూడ అందరివలెనే పాలిపోయెను. "భయపడకూడదని బోధించు నీవు ఏల భయపడితివి?" అని అడిగినప్పుడు అతడు ఎపిక్తేతు పుస్తకము తీసి చూపించెను. దానిలో ఉన్న భావము ఇది: హఠాత్తుగా వచ్చు అదురు మన వశములో లేదు. అది జ్ఞానికిని అజ్ఞానికిని ఒక్కటే. ఆ తరువాత "ఇది నిజముగా నాశనమే" అని మనస్సు ఒప్పుకొనుట, ఒప్పుకొనకపోవుట మాత్రము మన వశము. 2024 సెప్టెంబరు 1న వరదకు మన కేసముద్రమునకును ఇంటికన్నెకును నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడిన సంగతి మీరు ఎరుగుదురు. ఆ నీటి హోరు విని గుండె అదరనివాడు ఎవడు? అదరుట తప్పు కాదు. అదరిన తరువాత పిల్లలను ఎత్తుకొని మెట్టకు పోయినవాడు ఒకడు, చతికిలబడినవాడు ఒకడు.

పౌలును చూడుడి. కొరింథువారికి వ్రాయుచు, తాను వారియొద్దకు బలహీనతతోను, భయముతోను, ఎంతో వణకుతోను వచ్చితినని దాచక చెప్పుచున్నాడు. అతని పత్రికలు ఘనమైనవి గాని అతడు ఎదుట నిలిచి చెప్పు ప్రసంగము కొరగానిదని విరోధులు అనిరట. 2 కొరింథీయులకు 10:10లో అతడే దానిని వ్రాసికొనెను. కొరింథులో ఒక రాత్రి ప్రభువు దర్శనమిచ్చి, భయపడవద్దనియు, మౌనముగా ఉండక మాటలాడుమనియు చెప్పెను (అపొ. కా. 18:9, 10). భయము లేనివానికి భయపడవద్దని చెప్పుట ఎందుకు? అపొస్తలుడు వణకినాడు, వణకుచునే మాటలాడినాడు. ఆ పట్టణములోనే యూదులు అతనిని న్యాయపీఠము ఎదుటికి ఈడ్చుకొని పోయిరి. అధిపతి గల్లియోను. ఈ గల్లియోను ఎవరనుకొన్నారు? పైన చెప్పిన సెనెకాకు స్వయాన అన్న! దెల్ఫీలో దొరకిన రాతి శాసనమునుబట్టి అతడు క్రీ. శ. 51, 52 ప్రాంతములలో అకయకు అధిపతిగా ఉండెనని తెలియుచున్నది. పౌలు నోరు తెరువబోవుచుండగానే గల్లియోను అడ్డుపడి వ్యాజ్యెము కొట్టివేసెను. పౌలు ఎంత సిద్ధపడి వచ్చెనో, ఒక్క మాటయు చెప్పనక్కర లేకపోయెను. దేవుడు కొన్నిసార్లు అట్లు కూడ చేయును.

ఇంతవరకు స్తోయికులు మనకు మేలు చేసిరి. ఇక వారు ఆగిపోయిన చోటు చెప్పవలెను.

మార్కు ఔరేలియు అను రోమా చక్రవర్తి గొప్ప స్తోయికుడు. ప్రతి ఉదయమున, ఈ దినము నాకు కృతఘ్నులును, గర్విష్ఠులును ఎదురగుదురు, అయినను వారు నా బంధువులే అని తలంచుకొనవలెనని తనకు తాను వ్రాసికొనెను. చక్కని సాధన. ఇతనికి ఎపిక్తేతు బోధల ప్రతిని ఇచ్చినవాడు యూనియు రుస్తికు అను గురువు. ఆ రుస్తికు తరువాత రోమా పట్టణమునకు అధికారియై, క్రీ. శ. 165 ప్రాంతమున న్యాయపీఠము మీద కూర్చున్నప్పుడు అతని ఎదుటికి కొందరు క్రైస్తవులను తెచ్చిరి. యుస్తీను అను బోధకుడు వారిలో ముఖ్యుడు. అతనితోకూడ ఖరితో అను స్త్రీ, యువెల్పిస్తు అను చక్రవర్తి ఇంటి దాసుడు, మరి కొందరు ఉండిరి. ఆ విచారణ వ్రాత నేటికిని ఉన్నది. అధికారి ఒక్కొక్కరిని అడిగెను. దాసుని వంతు వచ్చినప్పుడు అతడు తాను కైసరు దాసుడనని చెప్పి, అయితే క్రైస్తవుడననియు, క్రీస్తు తనను విడిపించెననియు నిర్భయముగా పలికెను. అందరు శిరచ్ఛేదము పొందిరి.

సహోదరులారా, ఆ సభను ఒకసారి మనస్సున చూడుడి. పీఠము మీద కూర్చున్నవాడు భయమును జయించు విద్య నేర్చినవాడు. దాసుడైన ఎపిక్తేతు పుస్తకమును ప్రేమించినవాడు. ఎదుట నిలిచినవాడు నిజముగా దాసుడు. పుస్తకములోని దాసునికి గౌరవము, ఎదుట ఉన్న దాసునికి మరణము! తన గుండెను నిబ్బరము చేసికొను విద్య మంచిదే. అయితే ఆ నిబ్బరము ఎవరి మేలు కొరకు? ఎదుట ఉన్నవాని అభిప్రాయము నాకు అక్కరలేదని స్తోయికుడు నేర్చుకొనును. ఎదుట ఉన్నవాడే నాకు అక్కర అని క్రైస్తవుడు నేర్చుకొనవలెను. అందుచేతనే యోహాను తన మొదటి పత్రికలో (4:18) భయమును వెళ్లగొట్టునది పరిపూర్ణ ప్రేమ అని బోధించుచున్నాడు. బిడ్డ బావి అంచునకు పోవుచుండగా తల్లి కేక వేయును. తన గొంతు బాగున్నదా లేదా అని ఆమె ఆలోచించునా? వీధిలో పదిమంది వినుచున్నారని సిగ్గుపడునా?

మరియొక భేదము కూడ కలదు. స్తోయికుడు ఒంటరిగా నిలుచును. బైబిలులో దేవుడు మనుష్యుని ఒంటరిగా నిలువబెట్టుట తక్కువ. మోషే తాను మాటనేర్పరి కాననియు, నాలుక మాంద్యము గలవాడననియు చెప్పినప్పుడు (నిర్గమ. 4వ అధ్యాయము) దేవుడు, "కాదు, నీవు మంచి వక్తవే" అని బుజ్జగింపలేదు. నోరు కలుగజేసినవాడు ఎవడు అని ప్రశ్నించెను. మోషే అప్పటికిని ఒప్పుకొనకపోగా ఆయన కోపపడెను. కోపపడియు, అన్నయైన అహరోనును తోడుగా ఇచ్చెను. పెంతెకొస్తు దినమున పేతురు ఎట్లు లేచెనో చూడుడి: పదునొకరితో కూడ లేచి నిలిచెను (అపొ. కా. 2:14). కొన్ని వారముల ముందు ఒక పనిపిల్ల ఎదుట నోరు పెగలక బొంకినవాడు ఇతడే. మోషే మాత్రము? తనకు మాట రాదన్న ఆ మనుష్యుని మాటలతోనే ద్వితీయోపదేశకాండము మొదలగుచున్నది. అది ఇంచుమించు పుస్తకమంతయు అతడు చేసిన ప్రసంగములే.

ఇది మన వాడలలో మిక్కిలి అవసరమైన సంగతి. పట్టణములో చదువుకొన్నవానికి సభాభయము అనగా నలుగురు నవ్వుదురను భయము మాత్రమే. కూలివానికి అట్లు కాదు. గ్రామసభలో నేడు ఎదురు మాటలాడినచో రేపు పనికి పిలువరేమో, చేబదులు ఇయ్యరేమో అను భయము ఉత్త ఊహ కాదు. "నీ కూలి నీ చేతిలో లేదు గనుక దానిని గూర్చి చింతింపకుము" అని ధనవంతుడైన సెనెకా చెప్పుట సులువు. మన సంఘము అట్లు చెప్పి ఒకనిని ముందుకు త్రోయరాదు. ఒకడు లేచి మాటలాడుచుండగా ముగ్గురు అతని ప్రక్కను నిలువవలెను. అర్జీమీద ఒక వ్రేలిముద్ర కాదు, నలువది ఉండవలెను. నాయకుడు అని ఒక్కనిని పంపి, మిగిలినవారు చెట్టు చాటున నిలిచి చూచుట విశ్వాసము కాదు.

మనకు చేరువగానే దీనికి సాక్ష్యము కలదు. కేసముద్రమునుండి అదే రైలుమార్గమున మహబూబాబాదు దాటి పోయినచో డోర్నకల్ వచ్చును. అక్కడ మొదటి బిషప్పుగా ఉండిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తమిళ దేశస్థులు. 1874లో వెళ్లాలన్‌విళైలో పుట్టి, 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, పరాయి భాషలో మన తాతలకు బోధించిరి. 1910లో స్కాట్లాండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, సుమారు 1200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియావారు పట్టుమని ఇరువదిమంది లేరు. ముప్పదియైదేండ్ల అజరయ్యగారు ఆ సభలో లేచి, మిషనరీలు చేసిన త్యాగములకు వందనములు చెల్లించుచునే, దొరలకును మన దేశపు సేవకులకును మధ్య నిజమైన స్నేహము కొరవడినదని ముఖముముందే చెప్పిరి. ఇచ్చిన దానములు చాలవు, స్నేహితులు కావలెనని కోరిరి. కొందరికి ఆ మాట రుచింపలేదు. అయినను ఆ మహాసభలో పలికిన మాటలలో ఎక్కువగా నేటికిని తలంచుకొనబడునది అదియే. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి.

అయితే ఆ ప్రసంగముకంటె ఆయన చేసిన మరియొక పని నాకు గొప్పగా కనబడుచున్నది. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను, అక్షరము రాని కూలివానిచేత కూడ, తన చేయి తన తలమీద పెట్టించి, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్త ప్రకటింపకపోయినచో తనకు శ్రమ అనియు పలికించెడివారు. అది 1 కొరింథీయులకు 9:16లో పౌలు తనను గూర్చి చెప్పుకొన్న మాట. దానిని పౌలుకు మాత్రమే వదలిపెట్టక, నాగలి పట్టినవాని నోటనుండి, కలుపు తీయు స్త్రీ నోటనుండి పలికించిరి. సభలో మాటలాడుట చదువుకొన్నవారి హక్కు అనుకొను దేశములో, ఊరిలో ఎవరును పేరు పెట్టి పిలువని మనుష్యులచేత పదిమంది ఎదుట "నేను" అనిపించిరి. మనలో కొందరి తాతలు ముత్తాతలు అట్లు తలమీద చేయి పెట్టుకొన్నవారే.

కాబట్టి చేయవలసినది ఏమి? కొన్ని సంగతులు సూటిగా చెప్పెదను.

ప్రార్థన చేయుమని పిలువబడిన సహోదరీ, నీవు పాదిరిగారివలె చేయనక్కరలేదు. అయిదు మాటలు చాలును. తండ్రీ అని పిలువుము, ఒక మేలు తలంచి స్తోత్రము చెప్పుము, ఒక అక్కర అడుగుము, యేసు నామమున ముగించుము. ముందటి దినమున మిరపతోటలో కాయ ఏరుచు పైకి గట్టిగా పలికి చూచుకొనుము, చెట్లు నవ్వవు. స్తోయికులకు ఇట్టి సాధన ఒకటి ఉండెను: రాబోవు కష్టమును ముందుగానే మనస్సున చూచుకొని, దాని కోరలు లెక్కపెట్టుట. నీవును అట్లు చేయుము. మధ్యలో మరచిపోయినచో? కొంచెము ఆగి, ఆమేన్ అని కూర్చుండుము. దేవుడు మిగిలినది ఎరుగును. ఎవరైన నవ్వినచో? పౌలును నవ్విరి. గొంతు వణకినచో? హన్నా పెదవులు మాత్రము కదిలినవి, స్వరము వినబడలేదు. ఏలీ ఆమెను త్రాగినదనుకొనెను. అయినను ఆ ప్రార్థనకు సమూయేలు పుట్టెను.

వాక్యము చదువుటకు వంతు వచ్చిన యౌవనస్థులు శనివారము రాత్రియే ఆ భాగమును మూడుమారులు పైకి చదువుకొనవలెను. మత్తయి 10:19లో ఏమి చెప్పుదుమా అని చింతపడవద్దని ప్రభువు సెలవిచ్చెను గదా అని కొందరు సిద్ధపడక వచ్చుచున్నారు. ఆ వాగ్దానము సంకెళ్లతో అధిపతుల ఎదుటికి ఈడ్వబడువారికి ఇయ్యబడినది, శనివారము సాయంకాలము ఆటలోను ఫోనులోను గడిపినవారికి కాదు. ఇది ప్రసంగీకులకును వర్తించును.

ఇక వినువారికి ఒక మాట. భయపడువాని భయములో సగము మనము పెట్టినదే. కొత్తగా ప్రార్థించువాని మాట తప్పినప్పుడు వెనుక బల్లనుండి కిసుక్కున నవ్వువారు, ఆరాధన ముగియగానే "గట్లనా చదువుడు?" అని గుమ్మము దగ్గర అడుగువారు, ఒక నోరు మూయించినవారమని తెలిసికొనవలెను. పౌలు ఎఫెసీయులను ఏమి అడిగెనో చూడుడి (6:19, 20). సంకెళ్లలో ఉండి, సంకెళ్లు ఊడవలెనని ప్రార్థించుడని కోరలేదు. నోరు తెరచునప్పుడు ధైర్యముగా మాటలాడునట్లు తన కొరకు విజ్ఞాపన చేయుడని కోరెను. అంతటి అపొస్తలుడు సంఘము ప్రార్థనమీద ఆనుకొనగా, మొదటిసారి లేచిన మన చెల్లెలు ఆనుకొనదా? ఆమె లేచినప్పుడు తల వంచి ఆమె కొరకు ప్రార్థించుడి. పెద్దలు నెలకొక ఆదివారము, ఇంతవరకు నోరు తెరువని ఒకరికి ఒక చిన్న భాగము ఇచ్చి చూడవచ్చును. చదువు రానివారు ఒక కీర్తన కంఠతః చెప్పవచ్చును. మైకు లేకుండనే మొదలుపెట్టుట మేలు. తన గొంతు తనకే ఉరుమువలె వినబడి బెదరినవారిని నేను చూచితిని.

అరేయొపగు ప్రసంగము ఎట్లు ముగిసెనో చెప్పి ఆపెదను. మృతుల పునరుత్థానము అను మాట వినగానే కొందరు అపహాస్యము చేసిరి. కొందరు మరియొకసారి విందుమనిరి. దియొనూసి అను ఆ సభవాడు ఒకడును, దమరి అను స్త్రీయు, వారితో మరి కొందరును విశ్వసించిరి. ఒకే ప్రసంగము, ఒకే నోరు, మూడు విధములైన చెవులు. ఎవరు ఏ వరుసలో కూర్చుందురో పౌలు చేతిలో లేదు. అతడు వారి మధ్యనుండి వెళ్లిపోయి, ఏథెన్సు విడిచి కొరింథునకు పోయి, అకుల ప్రిస్కిల్ల అను దంపతుల ఇంట డేరాలు కుట్టు పనికి కూర్చుండెను. విశ్రాంతిదినము వచ్చినప్పుడు మరల సమాజమందిరమునకు పోయి మాటలాడుచుండెను.